బావిలో చలి, కురుబ తాత కంబళి

యార్డులో పత్తి రేటు ఎట్లుంది, మిరపలో ముడతకు ఏం కొట్టాల అని అడిగినోళ్లకు రేపు రాస్తాను. ఈ రోజు చలి గురించి రాస్తున్నా. పొద్దున్నే చేనికి పోయేటప్పుడు చెవులకు తగిలే చలి కాదు, నీళ్లలో మునిగినోడికి పట్టే చలి.

పోయిన వారం రాత్రి పదకొండు దాటినాక ఫోన్ మోగింది. ఆ టైములో ఫోన్ వస్తే మా ఇంట్లో అందరికీ గుండె జారుతుంది. చూస్తే మా చెల్లెలి కొడుకు. నార్వేలో చదువుతున్నాడు. వాడికి అప్పుడే సాయంత్రం.

"మామా, నువ్వు ఫుట్‌బాల్ తీయడానికి బావిలో మునిగేవాడివి కదా, అప్పుడు లోపల ఏం వేసుకునేవాడివి?" అన్నాడు.

"ఏం వేసుకుంటాం రా, డ్రాయరు" అన్నా.

వాడు నవ్వలేదు. అప్పుడు అర్థమైంది, ఏదో జరిగిందని.

టౌనులో పెరిగిన పిల్లోళ్ల కోసం ఒక మాట. ఫుట్‌బాల్ అంటే ఆడే బంతి కాదు. మోటారు పైపుకు అడుగున, నీళ్లలో మునిగి ఉండే వాల్వు. ఫుట్‌వాల్వు అనాల, మా నోట్లో అది ఫుట్‌బాల్ అయింది. నీళ్లు పైకి పోతాయి, వెనక్కి దిగవు. దానికున్న జాలీలో పాచో గుడ్డపేలికో ఇరుక్కుంటే మోటారు ఎంత తిరిగినా నీళ్లు రావు. ఇప్పుడంతా బోర్లు, సబ్‌మెర్సిబుల్ మోటార్లు కాబట్టి ఈ బాధ తగ్గింది. అప్పట్లో బావి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఊపిరి బిగబట్టి మునిగేవాడు ఒకడు ఉండాల్సిందే. మా ఇంట్లో ఆ ఒకడు నేను.

సరే, మా వాడి సంగతి. ఆ దేశంలో సముద్రంలో మునిగి చూడటం నేర్పిస్తారంట. నీళ్లు ఐదారు డిగ్రీలు. మన ఫ్రిజ్‌లో బాటిల్ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో అంత. వాటిలోకి దిగాలంటే డ్రైసూట్ అని ఒకటి వేసుకోవాల. మెడ దగ్గర, మణికట్ల దగ్గర రబ్బరు పట్టీ బిగుతుగా పట్టుకుని ఉంటుంది, కాళ్లకు బూట్లు సూట్‌కే అతికించి ఉంటాయి. చుక్క నీళ్లు లోపలికి రావు. తల, చేతులు తప్ప ఒళ్లంతా పొడిగా ఉంటుంది. బానే ఉంది కదా, ఇంగ చలి ఎట్లా పెడుతుంది అన్నా నేను.

"అదే మామా తిరకాసు. సూట్ నీళ్లు ఆపుతుంది, చలిని ఆపదు" అన్నాడు.

వాడు చెప్పింది, తర్వాత నేను అడిగి తెలుసుకున్నది కలిపి రాస్తున్నా. చాలా మంది వేసుకునే రకం సూట్ పల్చటి గుడ్డే, మూడు పొరలుంటాయి, మధ్య పొర రబ్బరు. మన రెయిన్‌కోటు లాంటిదే అనుకోండి, ఇంకొంచెం గట్టిది. రెయిన్‌కోటు వేసుకుని డిసెంబరులో రాత్రి బండి మీద ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయి చూడండి, వెచ్చగా ఉంటుందా? ఉండదు. వెచ్చదనమంతా సూట్ కింద వేసుకునే బట్టది. నిజానికి బట్టది కూడా కాదు, ఆ బట్టలో నిలబడే గాలిది. గాలి కదలకుండా నిలబడితే వేడిని పోనివ్వదు. నీళ్లు అట్లా కాదు, గాలి కంటే ఇరవై ఐదు రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాక్కుంటాయి. అందుకే లోపల గాలిని పట్టి ఉంచే బట్ట ఉండాల. లోతుకు పోయే కొద్దీ నీళ్ల బరువుకు ఆ గాలి నలిగిపోతుంది, పది మీటర్లు దిగితే సగానికి వస్తుంది. అందుకని ఛాతీ మీద ఒక బటన్ ఉంటుంది, నొక్కితే సిలిండర్‌లోంచి కొంచెం గాలి సూట్‌లోకి వస్తుంది. పైకి వచ్చేటప్పుడు భుజం మీదున్న ఇంకో వాల్వు నుంచి వదిలేయాల. మరీ లోతుకు, గంటల తరబడి పోయేవాళ్లు కొందరు గాలికి బదులు ఆర్గాన్ గ్యాస్ నింపుకుంటారంట, వెల్డింగ్ షాపుల్లో వాడేదే. అది గాలి కంటే ఇంకా తక్కువ వేడిని పోనిస్తుంది.

మధ్యలో నాకొక అనుమానం వచ్చి అడిగినా. అంత బిగించుకుని గంట సేపు నీళ్లలో ఉంటే ఒంటేలు వస్తే ఏం చేస్తారు రా అని. కొందరు పిల్లలకు వేసే డైపర్ లాంటిది పెద్ద సైజుది వేసుకుంటారంట, కొందరికి సూట్‌కే ఒక పైపు, వాల్వు పెట్టి ఉంటుందంట. అప్పుడు నవ్వినాం ఇద్దరమూ. ఆ నవ్వుతో వాడికి కొంచెం ధైర్యం వచ్చి అసలు సంగతి చెప్పినాడు.

వాడు పోయేటప్పుడు మా చెల్లెలు పెట్టెలో అరడజను కాటన్ బనియన్లు, రెండు ఎమ్మిగనూరు దుప్పట్లు పెట్టి పంపింది. ఆ రోజు సూట్ కింద ఇచ్చిన మందపాటి బట్ట లోపల, ఒంటికి ఆనుకుని రెండు బనియన్లు ఒకదాని మీద ఒకటి తొడిగినాడు. రెండేస్తే రెండింతల వెచ్చన అనుకున్నాడు. తర్వాత కారు దగ్గర నుంచి గట్టు దాకా సిలిండరు, సీసం బరువులు మోసుకుంటూ రెండు సార్లు తిరిగినాడు. చుక్క నీరు లోపలికి రాని సూట్ నుంచి చెమట మాత్రం బయటికి ఎట్లా పోతుంది? బనియన్లు తడిసినాయి. నీళ్లలోకి దిగిన పది నిమిషాలకు వణుకు మొదలైంది. ఇరవై నిమిషాలకు ఛాతీ మీద బటన్ నొక్కాలంటే బొటనవేలు మాట వినలేదంట. నేర్పించే ఆయన చూసి పైకి పోదాం అని చెయ్యి చూపించినాడు. బయటికి వచ్చి సూట్ విప్పి చూస్తే ఎక్కడా కారలేదు. బనియన్ పిండితే మాత్రం నీళ్లు.

"ఆయన ఒకే మాట అడిగినాడు మామా. కాటనా? అని. అవును అన్నా. తల కొట్టుకున్నాడు."

నాకు రోషం వచ్చిందంటే నమ్మండి. మాది ఆదోని. రెండో బొంబాయి అని పేరు పడిన ఊరు, ఆ పేరు తెచ్చింది పత్తే కదా. జిన్నింగు మిల్లుల దూది గాల్లో ఎగురుతుంటే పెరిగినోళ్లం. పక్కన ఎమ్మిగనూరు చూస్తే, 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టి నూలు గుడ్డతో వందల ఇండ్లల్లో పొయ్యి వెలిగించిన ఊరు. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. అట్లాంటి సీమలో పుట్టినోడిని కాటనా అని అడిగి తల కొట్టుకుంటాడా అనుకున్నా.

ఫోన్ పెట్టినాక పడుకుంటే నిద్ర రాలేదు. బొటనవేలు మాట వినలేదు అన్నాడే, ఆ మాట పట్టుకుంది నన్ను. నా వేళ్లు కూడా ఒకసారి మాట వినలేదు.

1994 డిసెంబరు. నాకు ఇరవై రెండేళ్లు. మూడెకరాల్లో వేరుశనగ వేసినాం, విత్తి ఇరవై ఐదు రోజులు, పూత మొదలవుతున్న టైము. విత్తనాలకు ఆదోనిలో అప్పు చేసినాం. ఆ తడి తప్పితే అప్పు మీద అప్పు. త్రీ ఫేజ్ కరెంటు ఆ వారం రాత్రి వంతు. సాయంత్రం నాయన మోటారు ఆనించి చూస్తే గుర్రుమని తిరుగుతోంది, నీళ్లు లేవు. ఫుట్‌బాల్ పట్టేసింది.

మాది పాత కపిల బావి. గోడలో నుంచి బయటికి పొడుచుకొచ్చిన రాతి మెట్లు. ఆ ఏడు రెండు నిలువులకు కొంచెం పైన నీళ్లున్నాయి. నడుముకు తాడు కట్టుకుని పొద్దు గూకే వేళకు దిగినా. పైన తాడు పట్టుకుని నాయన ఒక్కడే.

ఇక్కడొక సంగతి చెప్పాల. బావి నీళ్లు చలికాలంలో చల్లగా ఉండవు. మీకు తెలుసు, పొద్దున్నే బావి మీద పొగ లేస్తుంటుంది. భూమిలో నీళ్లు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటాయి, మా పక్క పాతిక డిగ్రీల పైనే. పైన గాలి రాత్రికి పదిహేను పదహారుకు దిగుతుంది. కాబట్టి మునిగితే హాయిగా ఉంటుంది. అదే మోసం. ఒళ్లు ముప్పై ఏడు, నీళ్లు ఇరవై ఆరు. ఆ తేడా చిన్నదే, కానీ నీళ్లు ఆపకుండా లాక్కుంటూనే ఉంటాయి. ఐదు నిమిషాల స్నానానికి ఏమీ కాదు. గంట ఉంటే తెలుస్తుంది. ఊపిరి కోసం పైకి వచ్చి మెట్టు మీద నిలబడిన ప్రతిసారీ గాలి తడి ఒంటి మీద కొట్టి ఇంకొంచెం తీసుకుపోతుంది.

జాలీలో పాత చీర పేలిక చుట్టుకుపోయింది. పాచితో కలిసి తాడులాగా పేనుకుంది. మునగడం, రెండు పోగులు పీకడం, పైకి రావడం. ఎన్ని సార్లు మునిగినానో లెక్క లేదు. మొదట పండ్లు తాటించినాయి. తర్వాత చేతులు. కనపడుతున్నాయి, ఉన్నాయి, కానీ నావి కావు. పేలిక పట్టుకున్నా అనుకుంటా, చూస్తే చెయ్యి ఖాళీ. ఒక్కసారి కూడా పైకి పోదాం అనుకోలేదు, ఇంకొక్క మునక, ఇంకొక్కటి. చలి పట్టినోడికి బుద్ధి కూడా మందగిస్తుంది, ఆ సంగతి వాడికే తెలియదు. ఆఖరికి పైకి వచ్చి మెట్టు పట్టుకున్నా. పట్టుకున్నా అనుకున్నా. వేళ్లు మూసుకోలేదు. వెనక్కి పడి మునిగిపోయినా.

తాడు బిగిసింది, అంతవరకు గుర్తుంది. నాయన ఒక్కడు నన్ను పైకి లాగలేడు. ఆయన అరుపు విని పక్క చేను నుంచి ఒక ముసలాయన పరుగెత్తుకొచ్చినాడు. కురుబాయన. ఆ వారం పక్క చేనులో గొర్రెల మంద పెట్టి ఉన్నాడు, ఎరువు కోసం. ఇద్దరూ లాగి మెట్ల మీదికి, మెట్ల మీద నుంచి గట్టు మీదికి చేర్చినారు.

నాయన తన పంచె విప్పి నాకు చుట్టినాడు. నా ఒంటి నీళ్లకు అది క్షణంలో తడిసిపోయింది, గాలికి ఐసు గుడ్డ మాదిరి అయింది. అప్పుడు ఆ తాత నాయన మీద కోప్పడినాడు. సగం కన్నడం, సగం తెలుగు. "తడి గుడ్డ తీసెయ్యప్పా మొదల, పిల్లోడిని ఆ గుడ్డే తినేస్తుంది" అన్నాడు. పంచె, డ్రాయరు అన్నీ లాగేసి, ఎండు గడ్డితో ఒళ్లు అద్ది, తన భుజం మీది నల్ల కంబళి నెత్తి నుంచి కాళ్ల దాకా చుట్టి రాళ్లకుప్ప వెనక గాలి తగలని చోట కూర్చోబెట్టినాడు. నాయన చేతులు కాళ్లు గట్టిగా రుద్దబోతే వద్దన్నాడు. ఇంతలో ఊర్లోంచి నలుగురు వచ్చినారు. సారా నిషేధం వచ్చి ఏడాది దాటింది, అయినా ఒకాయన దగ్గర సీసా ఉండె. రెండు గుక్కలు పోస్తే వేడెక్కుతాడు అన్నాడు. తాత ఒప్పుకోలేదు. "తాగితే వెచ్చగా ఉన్నట్టు ఉంటాది. ఆ పైన కొయ్యబారతాడు" అని బెల్లం వేసి కాచిన వేడి నీళ్లు తాపించినాడు.

ఆయప్ప ఏ బడిలో చదివినాడో నాకు తెలియదు. ఇప్పుడు డాక్టర్లు చెప్పేది అదే. మందు తాగితే చర్మం కింద రక్తనాళాలు తెరుచుకుంటాయి, లోపలి వేడి పైకి వచ్చి గాలిలో కలిసిపోతుంది. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయంలో గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ తానే ఐసు నీళ్లలోకి దిగి దిగి ఒక లెక్క చెప్పినాడు. గడ్డకట్టే నీళ్లలో పడితే మొదటి ఒక నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత పది నిమిషాలు చేతులు పని చేస్తాయి, స్పృహ పోవడానికి గంట పడుతుంది. అంటే చచ్చేది చలికి కాదు, అంతకు ముందే చేతులు పోయి మునిగి చస్తారు. మా బావి ఐసు నీళ్లు కాదు కాబట్టి నాకు పది నిమిషాలకు బదులు గంట దొరికింది. వరస మాత్రం అదే.

ఆ కంబళి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. గొర్రె వాసన, పొగ వాసన, చింతగింజల గంజి వాసన. కంబళి నేసేటప్పుడు చింతగింజల గంజి పెడతారు, అందుకే కొత్తది బిర్రుగా, నిలబెడితే నిలబడేటట్టు ఉంటుంది. ఒంటికి గరగరా గుచ్చుకుంది. పది నిమిషాలకు వణుకు ఇంకా ఎక్కువైంది, నాయన భయపడినాడు. అరగంటకు తగ్గింది. నేను అందులోనే తెల్లారిందాకా నిద్రపోయినా.

ఇంతకీ కాటన్‌కు ఉన్నికి తేడా ఏమి? పత్తి రైతుగా నేను అర్థం చేసుకున్నది రాస్తా, తప్పుంటే దిద్దండి. యార్డులో మన పత్తికి తేమ మిషన్ పెడతారు కదా. ఎనిమిది శాతం ఉంటే పూర్తి రేటు, పన్నెండు దాటితే సీసీఐ తీసుకోదు. మామూలు గాలిలో పెట్టినా పత్తి తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా తేమ పీల్చుకుంటుంది. మరి ఉన్ని ఎంత పీలుస్తుంది? నేను తక్కువ అనుకున్నా. కాదు, పదహారు శాతం. పత్తికి రెండింతలు! ముప్పై శాతం దాకా పీల్చినా చేతికి తడి తెలియదంట. తేడా ఎక్కడంటే, ఉన్ని ఆ తేమను పోగు లోపల దాచుకుంటుంది, పైన పొలుసుల మీద జిడ్డు ఉంటుంది కాబట్టి నీటి చుక్క జారిపోతుంది. తేమ పీల్చేటప్పుడు కొంచెం వేడి కూడా పుట్టిస్తుంది. పైగా ఉన్ని పోగు వంకర టింకర, తడిసినా అణిగిపోదు, మధ్యలో గాలి నిలబడుతుంది. పత్తి పోగు తడిస్తే చర్మానికి అతుక్కుపోతుంది, గాలి ఉండే చోటంతా నీళ్లే ఉంటాయి. ఎండాకాలం ఆ గుణమే మనకు వరం, చెమట పీల్చి చల్లబరుస్తుంది. నలభై మూడు డిగ్రీల ఎండలో ఉన్ని బనియన్ వేసుకుని మిరపకాయలు కోయమనండి ఆ నార్వే ఆయన్ని, ఎవరు తల కొట్టుకుంటారో చూద్దాం. ఎమ్మిగనూరు దుప్పటి తప్పేమీ లేదు, దాన్ని సముద్రంలోకి తీసుకుపోయినోడిదే తప్పు.

అట్లాగని ఉన్ని మంత్రం కాదు. పూర్తిగా నానిపోతే దానికీ చలి పెడుతుంది, మోయలేనంత బరువవుతుంది. పొడి ఉన్ని వేరు, తడి ఉన్ని వేరు. తడి పత్తి కంటే తడి ఉన్ని మేలు, అంతే. ఇంకోటి, ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. 1830లలో లండన్‌లో అగస్టస్ సీబే అనే ఆయన ఇత్తడి, రాగి టోపీ ఉన్న మునకల సూట్ చేసినాడు, పాత సినిమాల్లో చూసింటారు. ఆ కాలం నుంచీ దాని కింద మునిగేవాళ్లు ఉన్ని బనియన్లు, ఉన్ని మేజోళ్లు, ఉన్ని టోపీ రెండు మూడు వరసలు వేసుకునేవాళ్లు.

పొద్దున్నే మా చెల్లెలికి ఫోన్ చేసినా. "అన్నా, మంచి కంబళి ఒకటి దొరికితే చూడు, కత్తిరించి లోపల చొక్కా కుట్టించి పంపిస్తా" అని మొదలుపెట్టింది. దాని గరుకు నీకు తెలుసా తల్లీ, వాడు ఆ సూట్‌లో గోకలేక చస్తాడు అన్నా. వినలేదు. నాకు కూడా ఆ కంబళి ఒకసారి చూడాలనిపించింది. బండి తీసినా.

ఆదోనిలో నాలుగు అంగళ్లు తిరిగినా. కంబళి అంటే అందరూ మెత్తటి పువ్వుల రగ్గులు తీస్తారు. అన్నీ పాలిస్టరే. ఒకాయన, నిజం కంబళి కావాలంటే చళ్ళకెర పో అన్నా అన్నాడు. నేను చళ్ళకెర పోలేదు, ఆ తాత వాళ్ల ఊరికి పోయినా. ఆయప్ప పోయి చాలా ఏండ్లయింది. మనవడు ఉన్నాడు, నా కంటే పదిహేనేళ్లు చిన్నోడు. నూటయాభై జీవాలు. అన్నీ ఎర్ర గొర్రెలు, ఒంటి మీద ఉన్ని లేనివి. నల్ల ఉన్ని గొర్రె ఒక్కటి కూడా లేదు. ఉన్నికి రేటు లేదన్నా, కత్తిరించే కూలి కూడా రాదు, మాంసానికైతే ఎర్రవి తొందరగా బరువొస్తాయి అన్నాడు. అతనిది తప్పు అనను. నేను కొర్ర, జొన్న మానేసి బీటీ పత్తి పెట్టలేదా?

నేనెవరో చెప్పినా. బావిలో పడింది నేనే అన్నా. అతను పకపకా నవ్వినాడు.

"నువ్వేనా అన్నా ఆ పొట్టేళ్ల మనిషివి!"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పినాడు. తాత ఆ కథ మనవళ్లకు చాలా సార్లు చెప్పేవాడంట. ఆ రాత్రి కంబళి నాకు ఇచ్చేసినాడు కదా, ఆయప్పకు ఉన్నది అదొక్కటే. నెగడు వేసినా వీపుకు చలి ఆగలేదు. నడిజాము దాటినాక మందలోకి పోయి రెండు పెద్ద పొట్టేళ్ల మధ్య దూరి పడుకున్నాడు. "కంబళి పోతే ఏమి, ఉన్ని ఇంకా గొర్రె మీదనే ఉంది కదరా" అని నవ్వేవాడంట. ఆ తర్వాత ఆ చలికాలమంతా దగ్గినాడని కూడా చెప్పినాడు మనవడు, అదే నవ్వుతో.

నేను ఆ కంబళిలో తెల్లారిందాకా నిద్రపోయినా అని పైన రాసినా. ఆయప్ప ఏం కప్పుకున్నాడు అని ఆ రోజు నాకు తట్టలేదు. ముప్పై ఏండ్లు తట్టలేదు. పొద్దున నాయన కంబళి, దాంతో పాటు ఒక మూట జొన్నలు పట్టుకుపోయి ఇచ్చినాడు, అక్కడితో తీరిపోయింది అనుకున్నా.

ఇంకోటి కూడా ఉంది, అది మనవడికి తెలుసో లేదో, నేనైతే అడగలేదు. మూడేండ్ల తర్వాత ఒక సంక్రాంతి ముందు ఆ తాత మా చేను గట్టుకు వచ్చినాడు. మేత లేదు, పత్తి అయిపోయిందిగా, కట్టెలు పీకేలోపల రెండు రోజులు జీవాలను తోలుకుంటా అన్నాడు. ఇంకో ఏరుడు ఉంది తాతా, కాయ తొక్కుతాయి అన్నా నేను. నాయన ఊర్లో లేడు. ఏరుడు నిజంగానే ఉంది, మహా అంటే అర క్వింటాలు. ఆయప్ప నా మొహం కేసి ఒక నిమిషం చూసి, సరేలే అబ్బోడా అని జీవాలను మళ్లేసుకుని పోయినాడు. అప్పుడు కూడా ఆ కంబళి ఆయన భుజం మీదనే ఉంది.

అది ఇంకా ఉందా అని అడిగినా. ఉంది. బీరప్ప దేవుడి గూట్లో మడత పెట్టి పెట్టినారు. పెండ్లిళ్లకు పరుస్తారు, అమ్మేది కాదు అన్నాడు. చూడనిచ్చినాడు. చెప్పులు విడిచి లోపలికి పోయి ముట్టుకున్నా. గంజి ఎప్పుడో పోయింది, మెత్తబడింది. రెండు చోట్ల ఎలుక కొట్టింది. వాసన మాత్రం లేదు.

చెల్లెలికి కంబళి దొరకలేదని చెప్పినా. అంతలోకి మా వాడే అక్కడ ఉన్ని బనియన్, ఉన్ని ప్యాంటు కొనుక్కున్నాడు. సన్న ఉన్ని, మెరినో అంటారు, గరుకు ఉండదు. బనియన్ ఒక్కటే మన లెక్కలో దాదాపు క్వింటాలు పత్తి రేటు. వింటే నాకు మళ్లీ చలి పట్టింది. ఇప్పుడు బరువులన్నీ గట్టుకు చేర్చి, చెమట ఆరినాక, ఆఖరున సూట్ జిప్పు వేసుకుంటున్నాడంట. మొన్న ఆదివారం నలభై నిమిషాలు ఉన్నాడు. వేళ్లు చల్లబడినాయి కానీ బటన్ నొక్కుతూనే ఉన్నాయి అన్నాడు. వణుకు మొదలైతే ఇంకొక్కసారి అనుకోవద్దు, అప్పుడే పైకి రా అని చెప్పినా. సరే మామా అన్నాడు. వాడి వయసులో నేను కూడా అందరికీ సరే అనేవాడినే.

ఇప్పటికీ బావుల్లో దిగేవాళ్లు ఈ పేజీ చదివేవాళ్లలో ఉన్నారు కాబట్టి రాస్తున్నా. ఫ్యూజు పీకి జేబులో వేసుకోకుండా దిగొద్దు. ఒక్క మనిషిని పైన పెట్టుకుని దిగొద్దు, ఇద్దరు ఉండాల. పొద్దు గూకినాక దిగొద్దు. మందు తాగి అసలే వద్దు. పొడి బట్టలు, ఒక ఉన్ని రగ్గు గట్టు మీద ముందే పెట్టుకోండి, పైకి వచ్చినాక వెతుక్కునేది కాదు.

వచ్చేటప్పుడు మనవడితో అన్నా, మా చేనులో పత్తి అయిపోయింది, జీవాలు తోలుకో, ఎన్ని రోజులైనా ఉండు అని. అతను ఉత్సాహంగా ఏమీ చూడలేదు. ఆఖరి మందు కొట్టి ఎన్నాళ్లయింది అన్నా, ఏం మందు కొట్టినావు అని అడిగినాడు. మందు పేరు చెప్పి, పద్దెనిమిది రోజులయింది అన్నా. పోయినేడు వాళ్ల బంధువుల జీవాలు పత్తి చేనులో మేసి పన్నెండు చచ్చినాయంట. ఇంకో పది రోజులు ఆగి, ఒక వాన పడితే చూద్దాంలే అన్నాడు.

ఈ కాలంలో వాన ఎక్కడిది. కట్టెలు పీకకుండా పెట్టినా.